మా బావ వేసిన పోలీసు వేషం

మా బావ పోయిన సంగతి నాకు పాలు పోసే మనిషి చెప్పాడు. "మీ బావ చనిపోయిండట గద సార్, మీరింకా ఇంట్లనే ఉన్నరేంది?" అన్నాడు, గిన్నెలో పాలు పోస్తూ. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక, బయలుదేరుతున్నానని చెప్పాను. ఊళ్లోవాళ్ల కబుర్లు ఏరి పైవాళ్లకు చేరవేయడమే ఉద్యోగంగా బతికిన మనిషి చావు కబురు సొంత బావమరిదికి చేరడానికి ఒక పాలమనిషి కావలసి వచ్చింది.

భూస్థాపన అయిన వారం లోపే చర్చి హాలులో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. ఎవరూ ఏడవలేదు. అందరూ ఆయన చెప్పిన హాస్యాలు చెప్పుకుని నవ్వారు. పాస్టరు అయ్యగారు కూడా వాక్యం చదివిన గొంతుతోనే ఒక పోలీసు జోకు చెప్పాడు. ఒకప్పుడు మా గదిలో నాతోపాటు కూర్చుని చదువుకుని, ఇప్పుడు కోచింగ్ కాలేజీలు పెట్టి కారులో తిరుగుతున్న ఒక పెద్దమనిషి లేచి, "వారి జీవితమే ఒక సినిమా" అన్నాడు. ఆ సినిమాలో ఆయన పాత్ర ఏమిటో నేను కాస్త కింద రాస్తాను. నా వంతు వచ్చినప్పుడు గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను.

మా చెల్లెలు నన్ను వదల్లేదు. "నోటితోని చెప్తే తిడ్తవు. రాయి అన్నా. రాసేటప్పుడన్న జర ఆలోచిస్తవు" అంది. ఆలోచించే రాస్తున్నాను. అయినా తిట్టే వస్తున్నది. చదివేవాళ్లు మన్నించనక్కర లేదు.

ఆయన మా చెల్లెలి భర్త. నాకన్నా వయసులో పెద్ద గనుక బావ. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఉద్యోగంలో చాలా ఏళ్లు ఖాకీ వేసుకోకుండానే గడిపాడు. మఫ్టీలో తిరగడం, మనుషుల్లో కలవడం, విన్నది పైకి చెప్పడం ఆయన పని. ఆ పని మీదే మొదట మా ఇంటికి వచ్చాడు. దాన్ని ఊరంతా హాస్యకథగా చెప్పుకుంటుంది గనుక, ముందు ఆ రకం హాస్యకథ ఎట్లా కడతారో చెప్పాలి. నేను జీవితంలో చదివిందంతా ఇట్లాంటి చోటనైనా పనికిరావాలి గదా.

మారువేషం పోలీసు సినిమాలు ఆ రోజుల్లో ఏడాదికి రెండు మూడైనా వచ్చేవి. అన్నింటికీ అల్లిక ఒకటే. పట్టణంలో ఒక ముఠా ఉంటుంది. స్టేషనులో తెలివైనవాళ్లందరి ముఖాలూ ముఠాకు తెలుసు గనుక, ఎవరూ లెక్కచేయని ఒక మొద్దు కానిస్టేబుల్‌కు వేషం కట్టి లోపలికి పంపుతారు. స్టేషనులో ఎన్నడూ దొరకని గౌరవం వాడికి ముఠాలో దొరుకుతుంది. తమలో ఒక పోలీసు ఉన్నాడని నాయకుడికి సరిగ్గా సగం సినిమాకు తెలుస్తుంది. వాణ్ని పట్టే పని ఆ పోలీసుకే అప్పగిస్తాడు. అక్కడ తెర మీద విశ్రాంతి పడుతుంది, జనం సోడాలకు లేస్తారు. రెండో సగంలో నాయకుడికి ఒక చెల్లెలు మొలుస్తుంది. ఆఖరున అందరూ ఒకే ఇంట్లో చేరి బీరువాల్లో, మంచాల కింద దాక్కుంటారు. వేషం ఊడిపోతుంది. నాయకుడు లోపల మంచివాడేనని తేలుతుంది, ఎందుకంటే చెల్లెలి పెళ్లికి అన్న కావాలి. అందరూ నిలబడి ఫోటో దిగుతారు.

రాజులు మారువేషంలో బజార్లు తిరిగిన కాలం నుంచీ ఈ కథ ఉంది. దీని కిటుకు వేషంలో లేదు. వాడు పోలీసన్న సంగతి హాలులో బెంచీ టికెట్టు వాడికి కూడా తెలుసు, ముఠాకు మాత్రమే తెలియదు. నవ్వంతా అందులోంచే పుడుతుంది. అంటే ఆ నవ్వు బరువు మోసేది ముఠా ఒక్కటే. ముఠా వైపు నుంచి చూస్తే ఆ కథలో నవ్వడానికి ఏమీ లేదు. నేను ముఠా వైపు మనిషిని.

ఎమర్జెన్సీ పోయి కొంతకాలమైంది. హన్మకొండలో ఒక సైకిల్ షాపు మీది గదిని అద్దెకు తీసుకుని కొందరం సాయంత్రాలు కలిసేవాళ్లం. పుస్తకాలు తెచ్చుకుని చదివేవాళ్లం, అరుచుకునేవాళ్లం, నాటకాలు వేసేవాళ్లం. వరంగల్‌లో ఆ కాలంలో నలుగురు కుర్రవాళ్లు ఒక గదిలో కూర్చుంటే చాలు, దాని కింద ఒక మఫ్టీ మనిషి బీడీ తాగుతూ నిలబడేవాడు. మాకది తెలుసు. కింద నిలబడ్డవాణ్ని చూసుకుని, పైకి వచ్చినవాణ్ని మరిచిపోయాం.

ఆ ఏడే నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా ఎంపికయ్యాను. మా నాయన మిషన్ దవాఖానలో కంపౌండర్‌గా చేసి, నేను ఇంకా చదువుతుండగానే పోయాడు. ఆ పైన మా అమ్మ కుట్టుమిషను మీద నన్ను ఎమ్మే దాకా లాక్కొచ్చింది. ఇక మిగిలింది పోలీసు విచారణ ఒక్కటే. అది సరిగా వస్తే ఆర్డరు వస్తుంది. మా అమ్మ అంతవరకూ ఆగలేదు. కొడుకు లెక్చరర్ అయ్యాడని చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పి, కృతజ్ఞతార్పణ డబ్బులు కూడా వేసేసింది. ఆ ఉద్యోగం మా ఇంటికి ఎంతో మీకు తెలియాలంటే ఈ ఒక్క సంగతి చాలు.

బావ మా గదికి రావడానికి ఎంచుకున్న దారి ఆ చర్చే. ఒక ఆదివారం మగవాళ్ల బెంచీలో చివర కూర్చుని, పాటల పుస్తకం చూడకుండా గట్టిగా పాడాడు. తాను కేసముద్రం మార్కెట్లో దడవాయిననీ, ధాన్యం తూకం వేస్తాననీ, ఇప్పుడు వరంగల్‌లో పని చూసుకుంటున్నాననీ మా అమ్మకు చెప్పాడు. ఒక పేరు కూడా చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆయనది కాదు. ఆయన క్రైస్తవుడన్నది ఒక్కటే అందులో నిజం. మా అమ్మ భోజనానికి పిలిచింది. తర్వాత నిజం బయటపడి, పెళ్లయి, పిల్లలు పుట్టి, వాళ్లు బడికి పోతున్నప్పుడు కూడా మా అమ్మ ఆయన్ని ఆ దొంగ పేరుతోనే పిలిచింది. ఆయన ఆ పేరుకే పలికేవాడు.

భోజనం అయ్యాక నా పుస్తకాల దగ్గర నిలబడి, "ఇవన్ని మీరే చదివిండ్రా అన్నా?" అని అడిగాడు. నాకన్నా పెద్దవాడై ఉండి అన్నా అన్నాడు. మెచ్చుకోలుకు పడిపోవడం చదువుకున్నవాళ్లకు ఉండే జబ్బు. ఆ వారమే గదికి తీసుకుపోయాను.

నేను అప్పుడొక హాస్యనాటకం రాస్తున్నాను. పైన చెప్పిన అల్లికే, కాస్త తిరగేశాను. పెళ్లిళ్లకు వాయించే ఒక బ్యాండు మేళాన్ని పోలీసులు దొంగల ముఠా అనుకుంటారు. ఒక కానిస్టేబుల్ క్లారినెట్ వాయించేవాడి వేషంలో అందులో చేరతాడు. ఊదడం రాదు. మిగతా పాత్రలన్నింటికీ మనుషులు దొరికారు గానీ కానిస్టేబుల్ పాత్ర ఎవరూ తీసుకోలేదు. ఆ రోజుల్లో మా వాళ్లలో స్టేజి మీద కూడా ఖాకీ వేయడానికి ఒప్పుకునేవాళ్లు లేరు. పుస్తకాల మీద వంగి వంగి మేమంతా గూనివాళ్లమయ్యాం. నిటారుగా నిలబడేవాడు ఆ గదిలో బావ ఒక్కడే. పాత్ర ఆయనకిచ్చాను. వద్దు అన్నా, నాతోని కాదు అన్నా అని చాలా బతిమాలాడు. బిడియం అనుకున్నాను.

ఇక రిహార్సల్సు. అంత చేతకాని పోలీసును నేను ఎక్కడా చూడలేదు. ఎడమ చేత్తో సెల్యూట్ కొట్టేవాడు. నడిస్తే కాళ్లు తడబడేవి. కొన్ని రిహార్సల్సు మా ఇంట్లో, ముందు గదిలో జరిగేవి. మా చెల్లెలు చాయ్ తెచ్చిపెట్టి గుమ్మంలో నిలబడి చూసేది.

"పోలీసోడు లాఠీ అట్ల పడ్తడా? చీపురు పట్టినట్టున్నది" అన్నాను ఒక రోజు.

"నాకేమెరుకన్నా పోలీసోళ్ల సంగతి. మీరు చూపెట్టుండ్రి, చేస్త."

చూపించాను. లాఠీ చంకలో ఎట్లా పెట్టాలో, మడమలు ఎట్లా కలపాలో, చూపు ఎక్కడ నిలపాలో అన్నీ చేసి చూపించాను. నేను జీవితంలో పోలీసు లాఠీని ముట్టుకున్నవాణ్ని కాదు. అయినా ఒక నిజమైన కానిస్టేబుల్‌కు కానిస్టేబుల్‌గా ఉండటం నేర్పాను. ఆయన రెండు చేతులూ కట్టుకుని శ్రద్ధగా చూసి, "మీరే మంచిగ చేస్తున్నరన్నా, మీరే ఎయ్యరాదుండ్రి" అన్నాడు. మా చెల్లెలు చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

ఈలోగా గదిలో అన్న మాటలు బయటికి పోతున్నాయని తెలిసింది. ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మీద నేను గదిలో వేసిన జోకును, ఆ ఇన్‌స్పెక్టరే మాలో ఒకణ్ని బజారులో ఆపి తిరిగి చెప్పాడు. మాలో ఎవరో ఉన్నారన్నమాట. నాయకుడిగా నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. కొత్తవాడు, ఎవరితోనూ పాత స్నేహం లేనివాడు, నిష్పక్షపాతంగా చూస్తాడని బావకే ఆ పని అప్పగించాను. ఈ అల్లికను చేతిలో పట్టుకుని నాటకం రాస్తున్నవాణ్ని, నా ముందే అది జరుగుతుంటే గుర్తుపట్టలేదు. ఆయన ఒక్కొక్కరినీ హోటల్‌కు తీసుకుపోయి, గది డబ్బులతో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించి, ఇంట్లో ఎవరెవరున్నారో, ఏ ఊరో, ఎవరితో తిరుగుతారో అన్నీ అడిగాడు. మావాళ్లు నమ్మకంగా చెప్పారు. ఆఖరికి వచ్చి నాతో అన్నాడు:

"ఎవ్వరు లేరన్నా. ఉంటే నాకు తెల్వకుంట ఉంటదా?"

నాటకం ఒక బడి హాలులో వేశాం. జనం బాగా వచ్చారు. మా అమ్మా చెల్లెలూ ముందు వరుసలో కూర్చున్నారు. రెండో వరుసలో, తెల్లంగీ వేసుకున్న ఒక లావుపాటి మనిషి ఒంటరిగా కూర్చున్నాడు. ఎవరి బంధువో అనుకున్నాను.

రెండో అంకంలో నేను చాలా ఇష్టపడి రాసుకున్న ఒక ఘట్టం ఉంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు వాయిస్తుండగా, కానిస్టేబుల్ పాత్రకు తన సొంత ఎస్సై ఎదురుపడతాడు. అలవాటుకొద్దీ చెయ్యి సెల్యూట్‌కు లేస్తుంది. వేషం బయటపడుతుందని భయపడి, లేచిన చేత్తో తల గోక్కుంటాడు. రిహార్సల్సులో బావ తల గోక్కోవడం ఒక్కటే బాగా చేసేవాడు. ఆ సాయంత్రం ఎర్ర బ్యాండు కోటు వేసుకుని, బంగారు అంచు టోపీ పెట్టుకుని, క్లారినెట్ పట్టుకుని స్టేజి ముందుకు వచ్చాడు. ఎస్సై పాత్ర పక్క నుంచి రావాలి. అతను ఇంకా రాలేదు. బావ చూపు హాలులోకి పోయి రెండో వరుసలో ఆగింది.

క్లారినెట్ ఎడమ చేతికి మారింది. మడమలు టక్కున కలిశాయి. కుడి చెయ్యి లేచి కణత దగ్గర ఆగింది. నేను తెర పక్కన నాటకం ప్రతి పట్టుకుని కూర్చున్నాను. అంత శుభ్రమైన సెల్యూట్ నేను ఎప్పుడూ చూడలేదు. అది చూసి నాకు ఆనందం కలిగింది. నేర్పింది వచ్చిందనుకున్నాను.

రెండో వరుసలో తెల్లంగీ మనిషి చెయ్యి లేచింది. ఆయన కూడా, కూర్చున్నచోటే, తిరిగి సెల్యూట్ కొట్టాడు. సగంలో తెలివి తెచ్చుకుని ఆ చేత్తో తల గోక్కున్నాడు.

వెనక నుంచి ఎవరో అన్నారు: "బ్యాండాయన కంటె ఆ తెల్లంగీ ఆయన మంచిగ చేసిండ్రా. ఆయన్ను గూడ స్టేజెక్కియ్యుండ్రి."

హాలు విరగబడి నవ్వింది. కొందరికి అది నాటకమే. ఆ ముఖాన్ని బజారులో చూసినవాళ్లకు, స్టేషనులో చూసినవాళ్లకు ఒక్కొక్కరికే అర్థమై, అర్థమైనవాళ్లు పక్కవాళ్లకు చెప్పి, నవ్వు మళ్లీ మళ్లీ లేచింది. తెల్లంగీలో వచ్చిన ఆ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ లేచి బయటికి నడిచాడు. కాసేపటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి, మైకుకు అనుమతి లేదని నాటకం ఆపారు. కూడికలో సినిమా అన్న పెద్దమనిషి మా క్యాషియర్. వాళ్లు గుమ్మంలో కనపడగానే వెనక కిటికీలోంచి దూకి పోయాడు. ఆయన ఆ సినిమాలో చేసింది అంతే.

తెర వెనక బావ పెద్ద డోలు మీద కూర్చుని కోటు గుండీలు విప్పుకుంటున్నాడు. చుట్టూ మావాళ్లు నిలబడ్డారు. కొట్టాలని ఉంది, బయట పోలీసులున్నారు.

"నువ్వు పోలీసోనివా?" అని అడిగాను.

"అవునన్నా."

"మరి నాతోని లాఠీ పట్టుడెందుకు నేర్పించుకున్నవు?"

ఆయన కోటు మడిచి డోలు మీద పెట్టాడు. "మీరు మంచిగనే నేర్పిండ్రన్నా. మాకు ట్రైనింగ్‌ల గూడ ఎవ్వడు అంత ఓపికతోని చెప్పలే."

ఊరు ఈ కథను ఇక్కడ ఆపుతుంది. కూడికలోనూ ఇక్కడే ఆపారు. నాకు ఇక్కడ మొదలైంది. నా విచారణ ఆ ఇన్‌స్పెక్టర్ చేతుల్లోనే ఉంది. హాలంతా తనను చూసి నవ్విన నాటకం ఎవరు రాశారో ఆయనకు బాగా తెలుసు. నెల తిరక్కముందే, విచారణలో నా నడవడి తృప్తికరంగా తేలలేదని చెప్పారు. జాబితాలో నా తర్వాత ఉన్నవాడికి ఆ ఉద్యోగం ఇచ్చారు. ఎవరి దగ్గరికి పోయి అడగాలో కూడా చెప్పేవాళ్లు లేరు. మా అమ్మ ఏ ఆడవాళ్ల ముందు సాక్ష్యం చెప్పిందో, ఆ ఆడవాళ్ల మధ్యనే పోయి కూర్చోవలసి వచ్చింది. వేసిన అర్పణ తిరిగి అడగడం కుదరదు గదా. నేను ఒక ట్యుటోరియల్ కాలేజీలో చేరాను. పరీక్ష తప్పిన పిల్లలకు అవే పాఠాలు మళ్లీ మళ్లీ చెబుతూ జీవితం గడిపాను.

బావను ములుగు వైపు బదిలీ చేశారు. సినిమా అక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ చెల్లెలు ఉంది. ఏడాది తిరిగాక ఒక ఆదివారం ఆయన ఖాకీ దుస్తుల్లో, సొంత పేరుతో మా ఇంటికి వచ్చి, చెల్లెల్ని తనకిమ్మని మా అమ్మను అడిగాడు. మా అమ్మ ముందు ఏడ్చి, తర్వాత అన్నం పెట్టింది. నేను మా చెల్లెల్ని పెరట్లోకి పిలిచి, వీడు మన ఇంట్లో తిని మనల్ని అమ్మినవాడని చెప్పాను. ఆమె చేతిలో పిండుతున్న బట్ట వదలకుండానే జవాబు చెప్పింది.

"నీకు ఉద్యోగం పోయింది, నిజమే అన్నా. నాకు మనిషి దొరికిండు. నీ నష్టం నేనెందుకు మొయ్యాలె?"

పెళ్లికి పోయాను. ఫోటోలో ఉన్నాను. చూసినవాళ్లంతా పెళ్లికొడుకు తండ్రి చనిపోయాడేమో అనుకునేట్టు నిలబడ్డాను.

ఆ తర్వాత ఆయన నన్ను అన్నా అనడం మానేసి బామ్మర్ది అన్నాడు. ఎనభైల్లో ఒక మారువేషం పోలీసు సినిమా వస్తే ఇంటిల్లిపాదినీ మ్యాట్నీకి తీసుకుపోయాడు. మా అమ్మ కోసం నేనూ పోయాను. తెర మీద మొద్దు కానిస్టేబుల్ ముఠాలోకి పోతుంటే బావ కుర్చీలో ఎగిరెగిరి నవ్వాడు. కళ్లనీళ్లు తుడుచుకుని, "మడమలు సరిగ కలుపుతలేడు" అని నాకు చెప్పాడు. విశ్రాంతి పడగానే నేను లేచి బయటికి వచ్చేశాను. సైకిల్ స్టాండు దాకా వెంట వచ్చాడు, చేతిలో పల్లీల పొట్లంతో.

"కోపముంటే తిట్టు బామ్మర్ది. సినిమా ఇడిచిపెట్టి పోతే అత్తమ్మ బాధపడ్తది."

నేను ఒకటే అడిగాను. నా గురించి పైకి ఏం రాశావని. ఆయన పల్లీలు నమలడం ఆపాడు.

"ఉన్నదే రాసిన. మనిషి మంచోడు, మస్తు చదువుతడు, కోపం జాస్తి. మాటలే గని ఈయనతోని ఏం కాదు, సర్కారుకు ఏం భయం లేదు అని రాసిన. సర్కిల్ సాబ్ అది చింపేసి వేరేది రాసుకున్నడు. నా కాడికెల్లి నీకు చెడు కాలే."

ఆయన మేలు చేశాననే అనుకున్నాడు. అది నా కడుపులో ఎట్లా దిగిందో ఆయనకు చనిపోయేదాకా తెలియదు. నన్ను ప్రమాదకారి అని రాసి ఉద్యోగం పోగొట్టినవాడు శత్రువు, వాణ్ని ద్వేషించి బతకవచ్చు. ఇతనితో ఏమీ కాదు అని నెలల తరబడి నా అన్నం తిని, నా పుస్తకాలు చూసి, తీరిగ్గా తేల్చినవాణ్ని ఏం చేయాలి? పొట్లం నా చేతిలో పెట్టి ఆయన రెండో సగానికి లోపలికి పోయాడు. నేను నడిచి ఇంటికి వచ్చాను.

చివరిదాకా హాస్యంగానే బతికాడు. నవ్వే మనిషిని ఎవ్వడూ సోదా చేయడని అనేవాడు. ఊరకే కూర్చున్నవాడి మీద రిపోర్టు రాయడం కష్టమనేవాడు. ఇంటికి ఎవరు వచ్చినా ఆ సెల్యూట్ కథ చెప్పేవాడు, లేచి నిలబడి చేసి చూపేవాడు. నా పిల్లలు నా దగ్గర కన్నా ఆయన దగ్గర ఎక్కువ నవ్వారు. ఆయన కథలో నేను లాఠీ పట్టడం నేర్పే పిచ్చి మాస్టరును. అందులో ఉద్యోగం ఊసు ఉండదు. ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. మా చెల్లెలి మీద ఆయన ఏనాడూ గొంతు పెంచలేదు. మా అమ్మ మంచం పట్టినప్పుడు మేడారం జాతర బందోబస్తు నుంచి నిద్రలేని కళ్లతో నేరుగా వచ్చి ఆమె కాళ్లు పట్టేవాడు. ఇవి నేను చూసినవి గనుక రాస్తున్నాను. వీటితో ఆయన లెక్క సరిపోయిందని నేను అనడం లేదు.

కూడికలో అందరికన్నా చివర మా చెల్లెలు మాట్లాడింది. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి. "ఈయన పోలీసని నాకు మొదటి ఆదివారమే అనుమానమొచ్చింది" అంది. "అన్నం తినేటప్పుడు అందరు కూర దిక్కు చూస్తరు. ఈయన తలుపు దిక్కు చూసిండు. ఇంకో ఆదివారం బాయి కాడ అడిగిన. అబద్ధం చెప్పలే." హాలు నవ్వింది, చప్పట్లు కొట్టింది. నేను నవ్వలేదు. ముందు గదిలో నేను మడమలు కలిపి చూపుతున్నప్పుడు, గుమ్మంలో చాయ్ గ్లాసులతో నిలబడ్డ మనిషికి అంతా తెలుసు. సినిమా హాలులో ఉండాల్సిన ప్రేక్షకులు మా ఇంట్లోనే ఉన్నారు.

ఆ రోజు ఆమె ఇంటికి పోయి, అందరూ వెళ్లేదాకా కూర్చుని అడిగాను. నా ఉద్యోగం విచారణలో ఉందని తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని.

"చెప్తే ఏం చేస్తుంటివి? గదిల పంచాయితి పెట్టి ఆయన్ను కొడ్తుంటిరి. పోలీసును కొట్టినోనికి సర్కారు నౌకరి ఇస్తదా? 'నీ అన్నకు నౌకరి వచ్చేదాక నేను చెడు రాయ, నువ్వు చెప్పకు' అని ఆయన మాటిచ్చిండు. రాయలే గూడ. నీ నౌకరి కోసమే నోరు మూసుకున్ననన్నా. గా ఒక్క సెల్యూట్ కొట్టకపోతే నీకు నౌకరి వచ్చేదే. గా మాట మీద ఆయన నా దగ్గర ఎన్నిసార్లు ఏడ్చిండో నీకెరుకనా? నీ ముందర నవ్వకుంటె ఏం చేస్తడు మరి?"

అది నిజమో, భర్త పోయిన మనిషి కట్టుకున్న మాటో తేల్చగల సాక్షి మట్టిలో ఉన్నాడు. నా దగ్గర ఏడవాల్సిన ఏడుపు వేరే చోట ఏడ్చినవాణ్ని నేను క్షమించలేను. ఆ మాట ఆమెకు చెప్పలేదు. వస్తానని లేచాను.

ఆమె వంటింట్లోకి పోయి, పెరటి చిక్కుడుకాయలూ పచ్చిమిరపకాయలూ ఒక సంచిలో పోసి తెచ్చి ఇచ్చింది. రిటైరయ్యాక ఆయన ఖాకీ ప్యాంట్లన్నీ కత్తిరించి మా అమ్మ మిషను మీద సంచులు కుట్టుకుందట. గట్టి బట్ట, చినగదు అంది. నేను దాన్ని చేతిలో పట్టుకుని హన్మకొండ చౌరస్తా మీదుగా నడిచి వచ్చాను. జీవితంలో సర్కారు నుంచి నాకు అందింది ఆ గుడ్డ ఒక్కటే. దానికి ప్యాంటు వెనక జేబు ఇంకా అట్లాగే ఉంది. పట్టక మిగిలిన మిరపకాయలు ఆమె ఆ జేబులో కుక్కింది. గుండీ పెట్టలేదు. నడుస్తుంటే వాటి పచ్చని తొడిమలు జేబులోంచి తలలు బయటపెట్టి ఊగుతున్నాయి.